మోకాళ్ల నొప్పికి అయస్కాంతాలు: కొనే ముందు, కట్టుకునే ముందు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో సంగతి ఇది. మీరు బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నారు. ప్రొద్దుటూరు నుంచి వచ్చి మీ దగ్గర ఉంటున్న మీ అమ్మగారికి 63 ఏళ్లు, రెండేళ్లుగా మోకాళ్ల నొప్పులు. ఎక్స్‌రే చూసిన డాక్టరు గుజ్జు అరిగిందన్నారు. మీ అపార్ట్‌మెంటులో ఒకావిడ అయస్కాంతాలు కుట్టిన మోకాలి పట్టీ వాడి తనకు నయమైందని చెప్పి, అలాంటి పట్టీని, దానితోపాటు 78,000 రూపాయల అయస్కాంతపు పరుపును కూడా కొనమంటున్నారు. ఎన్ని గాస్‌ల (గాస్ అంటే అయస్కాంత బలాన్ని కొలిచే ప్రమాణం) అయస్కాంతం కొనాలి, ఏ ధ్రువం ఒంటికి ఆనాలి, రోజుకు ఎన్ని గంటలు కట్టుకోవాలి అని మీరు అడిగారు. చివర్లో, మాటవరసకు అన్నట్టుగా, వచ్చే నెల మీ నాన్నగారు కూడా వస్తున్నారని, ఆయనకు కిందటేడు పేస్‌మేకర్ అమర్చారని రాశారు. మీరు రాసినదంతటిలో నన్ను ముందు ఆపిన వాక్యం అదే.

నేను ఈ ఊళ్లో 28 ఏళ్లుగా ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. మొదట ఆసుపత్రుల్లో, తర్వాత జయనగర్‌లో సొంత గదిలో. నా దగ్గరికి వచ్చేవారిలో సగానికి సగం మంది అనంతపురం, కడప, చిత్తూరు జిల్లాల నుంచి పిల్లల దగ్గరికి వచ్చి ఉంటున్న పెద్దవాళ్లే. అయస్కాంతపు పట్టీలు, కంకణాలు, చెప్పులు, దిండ్లు, నీళ్ల సీసాలు వాళ్ల సంచుల్లో చూస్తూనే ఉన్నాను. ఒకప్పుడు నేనే వాటిని సిఫార్సు చేశాను కూడా. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు జవాబు చెప్పేస్తాను. పరుపు కొనవద్దు. మోకాలి పట్టీ కొనాలని మీ అమ్మగారికి గట్టిగా ఉంటే, కొన్ని జాగ్రత్తలతో, తక్కువ డబ్బుతో కొనుక్కోవచ్చు. అయితే అందులోని అయస్కాంతం వల్ల నొప్పి తగ్గుతుందని ఇంతవరకు జరిగిన మంచి పరిశోధనలు చెప్పడం లేదు.

నాన్నగారి విషయంతో మొదలుపెడతాను. పేస్‌మేకర్‌లో అయస్కాంతానికి స్పందించే చిన్న స్విచ్‌ని గాని సెన్సర్‌ని గాని కావాలనే పెడతారు. పరీక్ష సమయంలో డాక్టరు ఛాతీ మీద అయస్కాంతం ఆనించగానే, ఆ పరికరం గుండె సొంత లయను గమనించడం మాని, ముందే నిర్ణయించి పెట్టిన వేగంతో సంకేతాలు పంపడం మొదలుపెడుతుంది. ఆసుపత్రిలో అది ఉపయోగకరమైన ఏర్పాటు, ఇంట్లో తెలియకుండా జరిగితే ప్రమాదం. గుండె లయ ప్రాణాపాయకరంగా తప్పినప్పుడు షాక్ ఇచ్చి కాపాడే ఐసీడీ అయితే ఇంకా తీవ్రం. అయస్కాంతం దగ్గరగా ఉన్నంతసేపు చాలా ఐసీడీలు షాక్ ఇవ్వడం ఆపేస్తాయి. ఫోన్లలో, స్మార్ట్ వాచీల్లో బలమైన అయస్కాంతాలు రావడం మొదలైన తర్వాత, అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2021లో అలాంటి వస్తువులను శరీరంలో అమర్చిన గుండె పరికరాలకు 6 అంగుళాల దూరంలో, అంటే సుమారు 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచమని సూచించింది. ఫోనును చొక్కా జేబులో పెట్టుకోకుండా ఉండడం తేలిక. నిండా అయస్కాంతాలు కుట్టిన పరుపు మీద పడుకున్న మనిషి నిద్రలో ఎడమ పక్కకో బోర్లాకో తిరిగితే ఆ 15 సెంటీమీటర్లు ఎక్కడ మిగులుతాయి? పేస్‌మేకర్ పెట్టేది సాధారణంగా ఎడమ వైపు కాలర్ ఎముకకు కాస్త కింద, చర్మం అడుగునే. కాబట్టి ఆ పరుపు మీ ఇంట్లో ఏ మంచం మీదా ఉండకూడదు. అమ్మగారి మంచం మీద ఉంటే చాలదా అని మీరు అనుకోవచ్చు. అయితే మధ్యాహ్నం భోజనం చేసి ఎవరి మంచం మీదో కాసేపు నడుం వాల్చడం మన ఇళ్లలో మామూలు.

ఇదే జాగ్రత్త వినికిడి కోసం చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నవారికి, ఇన్సులిన్ పంపు పెట్టుకున్నవారికి, మెదడులోని నీటిని మళ్లించే షంట్ అమర్చినవారికి కూడా వర్తిస్తుంది. గర్భిణులు దూరంగా ఉండడం మంచిది. మీ ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారో లేదో మీరు రాయలేదు. ఉంటే, పూసల్లాంటి చిన్న అయస్కాంతాలున్న కంకణాలు, ప్లాస్టర్‌తో అతికించుకునే చుక్కలు ఇంట్లోకి రానీయకండి. పిల్లలు ఒక అయస్కాంతం మింగితే అది బయటికి పోవచ్చు. రెండు మింగితే పేగు మడతలకు రెండు వైపులా చేరి ఒకదాన్నొకటి లాక్కుని, మధ్యలో చిక్కిన పేగు గోడ చచ్చుబడి చిల్లు పడవచ్చు. అప్పుడు అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సి వస్తుంది.

ఇక అయస్కాంతం నొప్పిని ఎలా తగ్గిస్తుందని అమ్మేవాళ్లు చెబుతారో చూద్దాం. మన రక్తంలో ఇనుము ఉంది, అయస్కాంతం ఇనుమును లాగుతుంది, కాబట్టి నొప్పి ఉన్న చోటికి రక్తం పరుగెత్తి వస్తుంది అనేది అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే మాట. వినడానికి సబబుగా ఉంటుంది కనుకనే చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతారు. కానీ రక్తంలోని ఇనుము మేకులోని ఇనుములా ఉండదు. హిమోగ్లోబిన్ అణువులో విడివిడి పరమాణువులుగా ఇమిడి ఉంటుంది. 1936లో లైనస్ పౌలింగ్, చార్లెస్ కోరియెల్ అనే శాస్త్రవేత్తలు దీన్ని కొలిచి చూశారు. ప్రాణవాయువు నింపుకున్న రక్తాన్ని అయస్కాంతం లాగదు సరికదా, అతి స్వల్పంగా నెడుతుంది. ప్రాణవాయువు వదిలేసిన రక్తాన్ని లాగుతుంది గాని, ఆ లాగడం లెక్కలోకి రానంత బలహీనమైనది. దీనికి మీరు కళ్లారా చూడగల రుజువు కూడా ఉంది. ఎంఆర్‌ఐ యంత్రం బలం 1.5 టెస్లా గాని 3 టెస్లాలు గాని ఉంటుంది. ఒక టెస్లా అంటే 10,000 గాస్. 30,000 గాస్‌ల మధ్య అరగంట పడుకుని వచ్చినవారి ఒంట్లో రక్తం ఒక పక్కకు చేరడం లేదు, వారి మోకాళ్ల నొప్పులు ఆ అరగంటతో తగ్గడమూ లేదు. కొన్ని వందల గాస్‌ల బిళ్ల రక్తాన్ని మోకాలికి రప్పిస్తుందనడానికి ఆధారం లేదు. అయస్కాంతం ఆనించిన నీళ్ల సంగతీ అంతే. నీరు అయస్కాంత గుణాన్ని పట్టి ఉంచుకోలేదు. సీసాలోంచి గ్లాసులోకి వచ్చేవి మామూలు మంచినీళ్లే.

గాస్‌ల గురించి మీరు అడిగారు కాబట్టి ఇక్కడ కొంచెం నిలబడి చెప్పాలి. కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. డబ్బా మీద 12,000 గాస్ అని రాసి ఉంటుంది. చాలాసార్లు అది ఆ పదార్థం తనలో నిలుపుకోగల అయస్కాంత బలమే గాని, బిళ్ల ముఖం మీద మీ చర్మానికి తగిలే బలం కాదు. నియోడిమియం అనే లోహం కలిపి చేసే బలమైన అయస్కాంతాల్లో ఎన్ 35 అనే మామూలు రకానికి ఆ లోపలి అంకె సుమారు 12,000 ఉంటుంది. స్పీకర్లలో కనిపించే నల్లని ఫెర్రైట్‌కి 3,800 నుంచి 4,000 దాకా ఉంటుంది. ముఖం మీద ఎంత ఉంటుందనేది బిళ్ల వెడల్పు, మందాల మీద ఆధారపడుతుంది. 2 సెంటీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న ఫెర్రైట్ బిళ్లకు లెక్క వేస్తే ముఖం మీద సుమారు 850 గాస్ వస్తుంది. దాని ఎదురుగా 1 సెంటీమీటరు లోపలికి వెళ్లేసరికి 240కి, 2 సెంటీమీటర్లకు 65కి, 3 సెంటీమీటర్లకు 25కి పడిపోతుంది. 1 సెంటీమీటరు వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న నియోడిమియం బిళ్లకు ముఖం మీద 2,200 ఉంటుంది గాని, 1 సెంటీమీటరు లోతులో 170, 2 సెంటీమీటర్ల లోతులో 30 మాత్రమే మిగులుతుంది. అంటే డబ్బా మీద గొప్పగా కనిపించే చిన్న బిళ్ల, లోతుకు వెళ్లేసరికి సాదా నల్ల బిళ్లకన్నా బలహీనమవుతోంది. పోలిక కోసం చెప్పాలంటే, బెంగళూరులో భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 0.4 గాస్.

ఇప్పుడు శరీరం వైపు నుంచి ఆలోచించండి. వేళ్ల కణుపులు చర్మానికి దగ్గరగా ఉంటాయి. మోకాలి చిప్ప ముందు భాగం కూడా అంతే, కానీ అరుగుదల ఎక్కువగా జరిగే లోపలి కీలు ఇంకా లోతున ఉంటుంది. నడుం దగ్గరి వెన్నుపూసల డిస్కులు, తుంటి కీలు చాలా సెంటీమీటర్ల లోపల, మందమైన కండరాల వెనుక ఉంటాయి. వాటి దాకా ఈ బిళ్లల ప్రభావం చేరేది అతి స్వల్పం. చాలా పరుపుల్లో, పట్టీల్లో ఒక బిళ్లకు ఉత్తర ధ్రువం, పక్క బిళ్లకు దక్షిణ ధ్రువం పైకి వచ్చేలా కుడతారు. అలా కుడితే పక్కపక్క బిళ్లల క్షేత్రాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని, లోతుకు వెళ్లేది మరింత తగ్గిపోతుంది. చేతికి కట్టుకున్న కంకణం మోకాలి మీద పనిచేస్తుందని చెప్పేవారిని, ఆ దూరానికి ఎన్ని గాస్ మిగిలిందో అడగాలి.

ధ్రువాల గురించి అడిగారు. ఉత్తర ధ్రువం చల్లబరుస్తుంది, వాపు తీస్తుంది, దక్షిణ ధ్రువం వేడి చేసి ఉత్సాహం ఇస్తుంది అనే మాటకు ఆధారం లేదు. పైగా అమ్మేవాళ్లలోనే ఏకాభిప్రాయం లేదు. దిక్సూచిలో ఉత్తరం వైపు తిరిగే కొసను భౌతికశాస్త్రం ఉత్తర ధ్రువం అంటుంటే, అయస్కాంత చికిత్స చేసేవారిలో కొందరు దానినే దక్షిణం అంటారు. ఒకే బిళ్ల మీద ఇద్దరు తయారీదారులు ఎదురెదురు గుర్తులు వేసి అమ్మడం నేను చూశాను. కాబట్టి ఏ ముఖం ఒంటికి ఆనాలన్న చింత మీ అమ్మగారికి అక్కర్లేదు.

ఇదంతా చదివి, అయితే మా పక్కింటావిడకు ఎలా తగ్గిందని మీరు అడుగుతారు. ఆవిడ అబద్ధం చెబుతున్నారని నేను అనడం లేదు. ఆవిడకు తగ్గే ఉంటుంది. మోకాళ్ల అరుగుదల నొప్పి ఒకే తీరుగా ఉండదు, కొన్ని వారాలు పెరిగి కొన్ని వారాలు తగ్గుతుంది. మనిషి కొత్త మందు వెతికేది నొప్పి బాగా పెరిగి భరించలేనప్పుడే. ఆ తర్వాత అది ఎలాగూ కొంత దిగుతుంది, దిగినప్పుడు కాలికి ఏది కట్టి ఉంటే ఆ ఘనత దానికి పోతుంది. దానితోపాటు పట్టీ మోకాలిని వెచ్చగా ఉంచుతుంది, బిగువుగా పట్టుకుని అడుగు వేయడానికి ధైర్యం ఇస్తుంది. వెచ్చదనం, పట్టు, నమ్మకం ఈ మూడూ నొప్పిని నిజంగానే తగ్గిస్తాయి. వాటికి అయస్కాంతం అక్కర్లేదు.

ఈ మూడింటినీ అయస్కాంతం నుంచి విడదీసి చూడడానికే పరిశోధకులు చూపుకు ఒకేలా ఉండే నకిలీ పట్టీలు తయారు చేయించి, ఎవరికి ఏది ఇచ్చారో చెప్పకుండా పరీక్షించారు. అమ్మేవాళ్లు తరచుగా ఎత్తి చూపేది 1997లో హ్యూస్టన్ నగరంలోని బేలర్ వైద్య కళాశాలలో జరిగిన పరీక్ష. పోలియో వచ్చి తగ్గిన చాలా ఏళ్లకు నొప్పులు పడుతున్న 50 మందికి 45 నిమిషాలపాటు బిళ్లలు పెట్టారు. నిజమైన అయస్కాంతం పెట్టినవారిలో 76 శాతం మందికి, నకిలీది పెట్టినవారిలో 19 శాతం మందికి నొప్పి తగ్గింది. ఆ ఫలితాన్ని నేను తోసిపుచ్చడం లేదు, ఆ రోజుల్లో నన్ను ఆకర్షించింది కూడా అదే. కానీ అది ఒక్కసారి, ముప్పావు గంట చూసిన సంగతి. ఆ తర్వాత జరిగినవి దాన్ని బలపరచలేదు. 2000లో దీర్ఘకాలిక నడుం నొప్పి ఉన్న 20 మంది మీద చూస్తే అసలుకూ నకిలీకీ తేడా లేదు. 2003లో అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రిలో మడమ నొప్పి ఉన్న 101 మందికి అయస్కాంతం ఉన్న, లేని చెప్పు అట్టలు ఇచ్చి 8 వారాలు చూశారు. రెండు గుంపులకూ సమానంగానే తగ్గింది. 2004లో ఇంగ్లండులో తుంటి, మోకాలి అరుగుదల ఉన్న 194 మందికి 12 వారాలు కంకణాలు ఇచ్చినప్పుడు మాత్రం అసలు కంకణం ధరించినవారికి కొంచెం మేలు కనిపించింది. అయితే తాళం చెవి దగ్గరికి తీసుకెళ్తే తమది అసలో నకిలీయో తెలిసిపోతుంది కనుక, ఆ మేలులో నమ్మకం పాలు ఎంతో తేల్చలేమని ఆ పరిశోధకులే రాశారు. 2007లో అప్పటిదాకా వచ్చిన పరీక్షలన్నిటినీ కలిపి చూసినవారు, నొప్పికి స్థిర అయస్కాంతాలు పనిచేస్తాయనడానికి ఆధారం లేదని, కీళ్ల అరుగుదల విషయంలో మాత్రం ఇంకా పరిశోధించాలని అన్నారు. 2013లో యార్క్ విశ్వవిద్యాలయం వారు కీళ్లవాతం ఉన్న 70 మంది మీద చూస్తే కంకణాలకు నకిలీకన్నా మిన్నగా ఏ గుణమూ కనిపించలేదు.

ఇక్కడ ఒక గందరగోళం తొలగించాలి. ఆసుపత్రుల్లో వాడే కొన్ని విద్యుదయస్కాంత పరికరాలు వేరు. అతకని ఎముకలకు పల్సు రూపంలో మారుతూ ఉండే క్షేత్రాన్ని ఇచ్చే యంత్రాలను అమెరికా నియంత్రణ సంస్థ 1979లోనే అనుమతించింది. మానసిక కుంగుబాటుకు తల మీద పెట్టే అయస్కాంత ప్రేరణ యంత్రానికి 2008లో అనుమతి వచ్చింది. మారే క్షేత్రం కణజాలంలో విద్యుత్ ప్రవాహాన్ని పుట్టిస్తుంది, కదలకుండా ఒక చోట కట్టిన బిళ్ల అలా చేయదు. ఆ యంత్రాల పేరు చెప్పి ఈ బిళ్లలు అమ్మితే నమ్మకండి.

నేనే సిఫార్సు చేశానన్న సంగతి ఇప్పుడు చెబుతాను. వృత్తిలోకి వచ్చిన నాలుగో ఏడు, నేను పనిచేసే చోట అయస్కాంతపు నడుం పట్టీలు తెప్పించి పెట్టారు. హిందూపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ మేస్త్రీ పని చేసే నలభై ఏళ్ల మనిషి నడుం నొప్పితో వచ్చాడు. బరువులు ఎత్తే పని కదా, కండరం పట్టేసి ఉంటుందనుకుని పట్టీ ఇచ్చాను. మొదటి వారం కొంచెం తగ్గిందన్నాడు. దానితో నాకూ నమ్మకం పెరిగింది, అతనికీ పెరిగింది. మూడు నెలల తర్వాత తిరిగి వచ్చినప్పుడు మనిషి సగమైపోయి ఉన్నాడు. సాయంత్రాలు సన్నగా జ్వరం వస్తోందని, రాత్రిళ్లు నొప్పికి మెలకువ వస్తోందని అప్పుడు చెప్పాడు. అప్పుడు చెప్పాడనడం కూడా సరికాదు, నేను అప్పుడే అడిగాను. ఎంఆర్‌ఐలో వెన్నుపూసకు క్షయ అని తేలింది. ఏడాదికి పైగా మందులు వాడి కోలుకున్నాడు గాని, తిరిగి మేస్త్రీ పనికి పోలేకపోయాడు. ఆ పట్టీ అతనికి హాని చేయలేదు. మూడు నెలల కాలాన్ని తినేసింది, దాన్ని అతని చేతికి ఇచ్చింది నేను. అప్పటినుంచి నేను ఎవరికీ ముందు నొప్పి కథంతా వినకుండా పట్టీ మాట ఎత్తలేదు.

అందుకే మీ అమ్మగారిని కొన్ని ప్రశ్నలు అడగండి. మోకాలు ఎర్రగా, వేడిగా వాచి జ్వరం ఉందా? ఒక కాలి పిక్క మాత్రమే బిగుసుకుని వాచిందా? నిద్రలో లేపేంత నొప్పి ఉందా? కారణం లేకుండా బరువు తగ్గారా? నడుం నొప్పి కూడా ఉంటే, తొడల మధ్య తిమ్మిరి గాని, మూత్రం మీద అదుపు తప్పడం గాని ఉందా? ఇందులో ఏ ఒక్కదానికి అవునన్నా పట్టీల సంగతి పక్కన పెట్టి అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఎడమ చేతి నొప్పి, ఛాతీ బరువు, చెమటలు కలిసి వచ్చినప్పుడు భుజానికి అయస్కాంతం కట్టుకుని కూర్చున్నవారిని నేను చూశాను. అలాంటప్పుడు ప్రతి నిమిషమూ విలువైనదే.

ఇవేవీ లేవు, ఉన్నది మామూలు అరుగుదల నొప్పే, అమ్మగారికి ఒకసారి కట్టుకుని చూడాలని ఉంది అనుకుందాం. పెద్దవాళ్ల కోరికను కాదని కొట్టిపారేస్తే వాళ్లు మనకు చెప్పకుండా కొంటారు, అందువల్ల నేను వద్దని పట్టుబట్టను. మొదట పట్టీ మంచిదై ఉండాలి, అయస్కాంతం తర్వాతి మాట. మోకాలి చుట్టుకొలత చిప్ప మీదుగా కొలిచి తగిన సైజు తీసుకోండి. వేసుకున్నాక రెండు వేళ్లు దూరాలి, విప్పిన తర్వాత చర్మం మీద లోతైన గీతలు ఉండకూడదు. బిళ్లలు విడిగా తీసి పెట్టుకునే అరలున్న పట్టీ అయితే ఉతకడానికీ, అవసరమైతే అయస్కాంతాలు తీసేసి ఉత్త పట్టీగా వాడడానికీ వీలుగా ఉంటుంది. బిళ్లలు 2 నుంచి 3 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ఫెర్రైట్‌వి చాలు. నియోడిమియం పెళుసుగా ఉంటుంది, రెండు బిళ్లలు ఠక్కున అతుక్కుంటే అంచులు చిట్లుతాయి, మధ్యలో వేలి చర్మం పడితే నలిగి రక్తం వస్తుంది. దాని మీద సాధారణంగా నికెల్ పూత ఉంటుంది. గిల్టు నగలు పడనివారిలో చాలామందికి ఆ పూతా పడదు, దద్దుర్లు వస్తాయి. ఇలాంటి పట్టీకి కొన్ని వందల రూపాయలు మించి పెట్టవద్దు. ఎస్పీ రోడ్డులో స్పీకర్ల సామాను అమ్మే దుకాణాల్లో ఫెర్రైట్ బిళ్లలు ఎంత చవకో చూస్తే, పట్టీ ధరలో అయస్కాంతం పాలు ఎంతో మీకే తెలుస్తుంది.

కొన్న పట్టీలో అయస్కాంతాలు నిజంగా ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి జెమ్ క్లిప్పును గుడ్డ మీద నుంచి ఆనించి చూడండి. మీ ఫోనులోని దిక్సూచి యాప్ కూడా ఉపయోగపడుతుంది. అది మైక్రోటెస్లాలలో (100 మైక్రోటెస్లాలు ఒక గాస్) చూపిస్తే, ఏమీ లేని చోట సుమారు 40 చూపుతుంది. పట్టీని మెల్లగా దగ్గరికి తెస్తూ ఎంత దూరంలో ఆ అంకె కదలడం మొదలవుతుందో చూస్తే, ఎంత దూరం దాకా దాని ప్రభావం ఉందో మీ కళ్లకే కనిపిస్తుంది. ఫోనును బిళ్లకు ఆనించవద్దు, ఏటీఎం కార్డులనూ దగ్గర పెట్టవద్దు.

కట్టుకునే తీరు చెబుతాను. పగటిపూట, నడిచేటప్పుడూ వంట చేసేటప్పుడూ రెండు మూడు గంటలు చాలు. రాత్రి విప్పేయాలి. చెమట పట్టిన చర్మం మీద, పుండు మీద, దద్దుర్ల మీద కట్టకూడదు. మధుమేహం వల్ల కాళ్లలో స్పర్శ తగ్గినవారు బిగుతు తెలియక పుండ్లు తెచ్చుకుంటారు, కాబట్టి అమ్మగారికి షుగర్ ఉంటే విప్పిన ప్రతిసారీ మీరే చర్మాన్ని చూడండి. ఎంఆర్‌ఐ తీయించుకునే రోజు ఇలాంటివేవీ ఒంటి మీద ఉండకూడదు. డాక్టరు రాసిన మాత్రలు పట్టీ కట్టామని ఆపవద్దు.

నాలుగు వారాల్లో దాని సంగతి తేల్చుకోవడానికి ఒక మార్గం ఉంది. రోజూ రాత్రి భోజనమయ్యాక, ఆ రోజు నొప్పికి సున్నా నుంచి పది లోపు ఒక అంకె వేయమని అమ్మగారిని అడిగి క్యాలెండరు మీద రాయండి. మెట్లు ఎక్కడానికి ఎంత కష్టమైందో ఇంకో అంకె రాయండి. ఒక వారం బిళ్లలతో, ఇంకో వారం అంతే బరువున్న ఇత్తడి బిళ్లలతో పట్టీ కట్టండి. ఏ వారం ఏవి పెట్టారో ఆమెకు తెలియకూడదు. ముందే చెప్పి, ఆమె సరేనన్న తర్వాతే చేయండి, పెద్దవాళ్లను మోసం చేసినట్టు ఉండకూడదు. మల్లేశ్వరంలో ఉండే ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు ఈ పరీక్షను ఎంతో ఇష్టంగా చేశారు. రెండు రకాల వారాల అంకెలూ దాదాపు సమానంగా వచ్చాయి. ఆమె బిళ్లలు తీసేసి పట్టీని మాత్రం ఉంచుకున్నారు. వెచ్చగా ఉందట.

అరిగిన మోకాలికి అన్నిటికన్నా మేలు చేసేది తొడ ముందు కండరం బలం. దాన్ని పెంచడానికి పట్టీతోపాటు ఈ వ్యాయామాన్నీ చేయించండి. ఎత్తైన కుర్చీలో కూర్చోబెట్టి, కాలు నిటారుగా చాపి అయిదు లెక్కపెట్టేదాకా ఉంచి దించమనండి. ఒక్కో కాలికి పదిసార్లు, ఉదయం సాయంత్రం. కొన్నాళ్లకు చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం అలవాటు చేయండి. కింద బాసిపట్లు వేసుకుని కూరగాయలు తరగడం, గొంతుక్కూర్చోవడం తగ్గించాలి. ఒళ్లు ఉంటే, తగ్గిన ప్రతి కిలోకూ అడుగడుక్కీ మోకాలి మీద పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో కొలిచి చెప్పారు. వేడినీళ్ల కాపడం, డాక్టరును అడిగి రాసే డైక్లోఫెనాక్ జెల్ కూడా ఉపశమనాన్ని ఇస్తాయి. ఆరు వారాలు ఓపిక పట్టమని ఆమెకు ముందే చెప్పండి, మొదటి పది రోజుల్లో మార్పు కనిపించక చాలామంది మానేస్తారు.

పరుపు గురించి మీ పక్కింటావిడతో మాట్లాడేటప్పుడు మెత్తగా మాట్లాడండి. ఇలాంటి పరుపులు చాలావరకు గొలుసు పద్ధతిలో అమ్ముడవుతాయి, కొన్నవారినే మరో నలుగురికి అమ్మమంటారు. ఆవిడ కూడా తన డబ్బు పెట్టి ఇరుక్కుని ఉండవచ్చు. 2021లో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నియమాలు పిరమిడ్ పద్ధతి పథకాలను నిషేధించాయి. మధుమేహం, పక్షవాతం, క్యాన్సర్ వంటివి నయమవుతాయని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. ఆ పరుపు కరపత్రంలో అలాంటి మాటలుంటే దాన్ని రుజువుగా భద్రంగా ఉంచుకోండి. ఇప్పటికే బయానా ఇచ్చి ఉంటే రసీదు తీసుకుని రాతపూర్వకంగా వెనక్కి అడగండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు ఫోను చేయవచ్చు.

చూడడానికని పరుపును ఇప్పటికే మీ ఇంటికి పంపి ఉంటే, నాన్నగారు వచ్చేలోపు తిరిగి ఇచ్చేయండి. ఆయన దగ్గర పేస్‌మేకర్ కార్డు ఉంటుంది, దాని ఫొటో మీ ఫోనులో పెట్టుకోండి. అమర్చిన డాక్టరు నంబరు కూడా తీసుకోండి. ఆయన ఉన్నన్నాళ్లూ అమ్మగారు రాత్రి విప్పిన మోకాలి పట్టీని మంచం మీద, దిండు పక్కన పెట్టకుండా, వేరే గదిలో బీరువాలో పెట్టమని చెప్పండి.